మా నాన్నకు ఏ సంబంధమూ లేదు

ట్రెగారన్
వేల్స్
14 ఫిబ్రవరి 2014

నాన్నా,

అత్త ఇంట్లో గదులు వెచ్చగా ఉండవని తెలుసు. నీ ఉన్ని బనీన్లు, బీపీ మాత్రలు ఈ పార్సెల్లో పెట్టాను. ఆదివారం కారులో నీకు సగమే చెప్పాను. నెవిన్ దాకా మూడు గంటలు నువ్వు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నావు. మిగతా సగం ఇందులో రాస్తున్నాను.

ఆరో తారీకు పొద్దున, స్కూలు ట్రిప్పులకు బస్సులు బయల్దేరే వేళ, పన్నుల శాఖ నుంచి క్రోథర్ అనే ఆవిడ షెడ్డుకు వచ్చింది. పోస్టులో పంపకుండా చేతికే ఇవ్వాలట. కవరు ఇచ్చి వెళ్ళిపోయింది. డ్రైవర్ల జీతాల్లోంచి ప్రతి నెలా పన్ను కోసి మనం వాళ్ళకు కడతాం కదా, అది ముందుముందు ఎగ్గొడతామేమోనని వాళ్ళ అనుమానం. అందుకని ముప్పై నాలుగు వేల పౌన్లు పూచీగా ముందే వాళ్ళ దగ్గర పెట్టమన్నారు. గడువు ముప్పై రోజులు. ఆ తర్వాత పూచీ పెట్టకుండా ఒక్క మనిషిని పనిలో ఉంచుకున్నా నేరం.

అనుమానానికి కారణాలు రెండు రాశారు. మొదటిది నాది. కౌన్సిల్ వాళ్ళు స్కూలు ట్రిప్పుల డబ్బు ఆలస్యంగా ఇవ్వడంతో పోయిన ఏడు అక్టోబరులోనూ నవంబరులోనూ నేను పన్ను గడువు దాటి కట్టాను. రెండోది నువ్వు. 2009లో నీ కంపెనీ డ్రైవర్ల దగ్గర కోసిన పన్ను అరవై వేల పైచిలుకు కట్టకుండానే మూతపడిందనీ, అదే మనిషి ఇప్పుడు కూతురి పేరున ఉన్న ఈ సంస్థను నడపడంలో ఉన్నాడనీ రాశారు.

ఆడిటరు టుడుర్‌కు చూపిస్తే, మీ నాన్న షెడ్డులో కనపడకుండా ఉంటే మంచిది అన్నాడు. నిన్ను పంపింది అందుకే. ఫోను కూడా చెయ్యకు. మొదలుపెడితే నువ్వు రోజుకు ఆరుసార్లు షెడ్డుకు చేస్తావు, వాళ్ళు బిల్లులు అడిగితే దొరికిపోతాం. ఉత్తరాలు రాయి. కానీ బస్సుల గురించి రాయకు. అది కూడా పెత్తనం కిందికే వస్తుందట.

వేళకు తిను.

హెలెడ్

*

నెవిన్
19 ఫిబ్రవరి

తల్లీ హెలెడ్, నాన్న రాసేది,

పార్సెల్ అందింది. బనీన్లు వేసుకున్నాను. మీ అత్త ఎలునెడ్ హీటరు సాయంత్రం ఆరింటికి వేసి తొమ్మిదింటికి తీసేస్తుంది. అడిగితే దుప్పటి కప్పుకోమంటుంది. ఆదివారాలు ప్రార్థనకు నన్ను చాపెల్‌కు లాక్కుపోతుంది. అక్కడ ప్రతివాళ్ళూ ఎన్నాళ్ళుంటారని అడుగుతారు. ఏం చెప్పాలో నువ్వు రాయలేదు.

పొద్దున అయిదింటికే మెలకువ వస్తుంది. లేచి ఏం చెయ్యాలో తోచదు. సముద్రం చూస్తాను. సముద్రాన్ని ఎంతసేపని చూస్తారు?

బస్సుల గురించి రాయొద్దన్నావు. రాయను. కానీ ఈ వారం మంచు గట్టిగా పడుతుందని రేడియోలో చెప్పారు, ఇస్ట్రాడ్ మలుపు దగ్గర నీడలో మంచు కరగదు, గార్మన్‌ను పది నిమిషాలు ముందు బయల్దేరమను. ఇది బస్సు గురించి కాదు, రోడ్డు గురించి.

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పు. ఎలునెడ్ ఎక్కడో పేపర్లో చదివిందట, ఇలాంటి నోటీసు లెక్క చెయ్యనివాళ్ళను జైల్లో వేశారని. మొన్న భోజనాల దగ్గర ఆ మాట అంది. నిన్ను జైల్లో వేస్తారా? అవునో కాదో రెండు ముక్కల్లో రాయి.

మీ నాన్న

*

ట్రెగారన్
27 ఫిబ్రవరి

నాన్నా,

కాదు. జైలు కాదు, జరిమానా. అత్తను పేపర్లు చదవొద్దని చెప్పు.

అసలు భయం అది కాదు. నేరం రుజువైతే నా పేరు మీద అది ఉండిపోతుంది. బస్సులు నడిపే లైసెన్సు మంచి నడవడిక ఉన్నవాళ్ళకే ఉంటుంది. లైసెన్సు పోతే ఆరు బస్సులూ షెడ్డులోనే నిలబడతాయి, తొమ్మిది మంది డ్రైవర్లు ఇళ్ళకు పోతారు. ట్రెగారన్‌లో గార్మన్‌కి ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? అతనికి యాభై ఎనిమిదేళ్ళు.

అప్పీలు రాసి పంపాను. అది తేలేదాకా గడువు ఆగుతుంది. ఇంకో అధికారి మొదటినుంచీ చూస్తాడట.

సోమవారం క్రోథర్ మళ్ళీ వచ్చింది, చెప్పకుండా. నేను టైర్లు చూస్తున్నాను. కారు ఆగిన చప్పుడు విని చేతులు తుడుచుకుని లేచాను. ఆవిడ కసురుకునే మనిషి కాదు. అరిచినా బాగుండు. మెల్లగా షెడ్డంతా తిరిగి, మేకుకు వేలాడుతున్న నీ కోటు దగ్గర ఆగింది.

“ఇది ఎవరిది?” అంది.

నేను నోరు తెరిచేలోపే గార్మన్, “ఇద్వల్ గారిదమ్మా, ఆయన ఊరెళ్ళారు” అన్నాడు. అతనికేం తెలుసు, మర్యాదగా జవాబు చెప్పాడంతే. ఆవిడ నా వైపు తిరిగి మీ నాన్నగారు ఇక్కడికి ఎప్పుడెప్పుడు వస్తుంటారని అడిగింది. నోటికి వచ్చింది ఏదో చెప్పాను. ఆవిడ రాసుకుంది, కింద నా సంతకం తీసుకుంది. అది నీకు అక్కర్లేదు, వదిలెయ్.

ఆదివారం నెవిన్ వద్దామనుకున్నాను. నువ్వు చూసే మరమ్మతులన్నీ ఇప్పుడు నా మీదే పడ్డాయి, కుదరదు. రోడ్డు గురించి కూడా రాయకు నాన్నా, దయచేసి.

హెలెడ్

*

నెవిన్
5 మార్చి

అమ్మాయీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నా కోటు వేలాడుతుంటే నీకు సిగ్గయిందని అర్థమైంది. దాన్ని తీసి లోపల పెట్టెయ్. వాళ్ళూ వీళ్ళూ చూసేట్టు ఎందుకు?

ఆవిడతో నా గురించి ఏం చెప్పావో రాయలేదు. రాయక్కర్లేదు, ఊహించుకోగలను. ముసలాయన వల్లే ఇదంతా అని చెప్పి ఉంటావు. నిజమే కదా. నేను ఏమీ అనుకోను. అనుకోనని రాస్తున్నానే గానీ రెండు రోజులుగా ఎలునెడ్‌తో కూడా మాట్లాడలేదు.

నువ్వు పుట్టినప్పుడు నా దగ్గర ఒకే ఒక్క బస్సు ఉండేది. గనులకు మనుషుల్ని తీసుకెళ్ళేది. ఆస్పత్రికి మీ అమ్మను అందులోనే తీసుకెళ్ళాను, వెనక సీట్లలో పదకొండు మంది గని పనివాళ్ళు. ఎవరూ దిగిపోతామనలేదు, ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. ఎందుకో ఇప్పుడు గుర్తొచ్చింది.

నీ మీద పడ్డ బరువు తండ్రిగా నేను తీసెయ్యాలి. దానికి చెయ్యవలసింది చేశాను. నీకే తెలుస్తుంది. ధైర్యంగా ఉండు.

నాన్న

*

ట్రెగారన్
24 మార్చి

నాన్నకు,

నువ్వు చెయ్యవలసింది చేశానని రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఏం చేశావో అడుగుదామని రెండుసార్లు ఫోను తీసి, బిల్లులు గుర్తొచ్చి పెట్టేశాను. చేసి ఉండాల్సింది.

శుక్రవారం క్రోథర్ వచ్చింది. ఆఫీసు గదిలో కూర్చుని, టీ వద్దని, సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి నేను సంతకం పెట్టింది. ఆ రోజు నోటికి వచ్చింది చెప్పానన్నాను కదా, మా నాన్న ఏడాదిగా షెడ్డు గడప తొక్కలేదని చెప్పాను. అబద్ధం. భయంతో చెప్పాను.

రెండోది నువ్వు వాళ్ళకు రాసిన ఉత్తరం. ఎలునెడ్ అత్త వాడే ఉత్తరాల కాగితం మీద, నీ దస్తూరీలో. ‘నా కూతురికి ఏమీ తెలియదు. బోల్టు బిగించాలన్నా నన్నే అడుగుతుంది. పోయిన నెల దాకా రోజూ షెడ్డులో అన్నీ నేనే చూసుకునేవాణ్ణి. తప్పేదైనా ఉంటే నాది, దాన్ని వదిలెయ్యండి.’

ఆవిడ రెండు కాగితాల మీదా చెరో వేలు పెట్టి నా వైపు చూసి, “పార్రీ గారూ, ఈ రెంటిలో ఏది నిజం?” అని అడిగింది.

బయట ఎవరో బస్సు కడుగుతున్నారు, ఆ నీళ్ళ చప్పుడే వింటూ కూర్చున్నాను. ఆవిడ కాగితాలు మడిచి, “మీరు కార్డిఫ్ రావలసి ఉంటుంది. అక్కడ చెప్పే ముందు బాగా ఆలోచించుకోండి” అని వెళ్ళిపోయింది.

ఏడాదిగా రాలేదని నేనన్నాను. రోజూ తనే నడిపానని నువ్వన్నావు. ఇప్పుడు నేను అబద్ధాలకోరును, నువ్వు వెనకుండి నడిపించేవాడివి. వాళ్ళ నోటీసులో ఉన్నది సరిగ్గా ఇదే. మనిద్దరం కలిసి రుజువు చేసిపెట్టాం.

ఇంకొకటి కూడా రాస్తాను. నాకు ఏమీ తెలియదని రాశావు. నాలుగేళ్ళుగా పొద్దున నాలుగున్నరకు లేస్తున్నాను. ఆ షెడ్డులో బోల్టు బిగించడానికి నేను నిన్ను ఎప్పుడు అడిగాను?

నాకు కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకు.

హెలెడ్

*

నెవిన్
8 ఏప్రిల్

హెలెడ్,

రాయొద్దన్నావు. రెండు వారాలు ఆగాను. ఇది చదివి చింపేసినా సరే.

నువ్వు ఆవిడకు ఏం చెప్పావో నాకు తెలిసి ఉంటే ఆ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. అయినా నెపం నీ మీద పెట్టను. తెలుసుకోకుండా రాయడం నా తప్పే.

పాత కంపెనీ సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. జనమంతా నేను దాచుకున్నాననుకున్నారు. నువ్వు కూడా ఒక్కోసారి అనుకున్నావేమో, అడగలేదు. ఒక నెల డీజిల్‌కు తక్కువైంది. డ్రైవర్ల పన్ను సొమ్ము బ్యాంకులో ఉంది, వచ్చే నెల సర్దేద్దాంలే అని తీశాను. వచ్చే నెల కూడా తక్కువైంది. తర్వాత పన్నుల శాఖ గోధుమరంగు కవర్లు రావడం మొదలైంది. మొదటిది తెరిచాను. రెండోది జేబులో పెట్టుకుని తిరిగాను. మూడోదాన్నుంచి ఒక్కటీ తెరవలేదు. పాడైపోయి మూల పడున్న బస్సులో సీటు కింద దోపేవాణ్ణి. పోస్టు బండి వీధి మలుపు తిరుగుతుంటే నేను వెనక గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. అలా పద్దెనిమిది నెలలు. మీ అమ్మ ఒంట్లో బాగా లేని రోజులవి, ఆవిడకూ చెప్పలేదు. ఆఖరికి కోర్టువాళ్ళు వచ్చినప్పుడు ఆ సీటు కింద నలభై ఒక్క కవర్లు దొరికాయి. వాళ్ళలో ఒక పెద్దమనిషి వాటిని లెక్కపెడుతూ నా మొహం చూడలేకపోయాడు.

అది నా సొమ్ము కాదు, గార్మన్ లాంటివాళ్ళది. దొంగతనం అన్నా పడతాను. కానీ తెలివితేటలతో చెయ్యలేదు తల్లీ, భయంతో చేశాను.

నువ్వు ఆ రోజు ఆవిడ ముందు చెప్పింది కూడా అదే రకం. నాలోంచి వచ్చింది నీకు. అందుకే చెబుతున్నాను. కార్డిఫ్ వెళ్ళి, అది అబద్ధమని నీ నోటితోనే చెప్పు. ఏమవుతుందో నాకు తెలియదు, నాకూ భయంగానే ఉంది. కానీ నలభై ఒకటి దాకా పోనివ్వకు.

నీకేమీ తెలియదని రాశాను. నాలుగేళ్ళుగా నేను అక్కడ చేసింది టీ పెట్టడం, ఎవరూ వినని సలహాలు ఇవ్వడం, ఆదివారాలు కాస్త మరమ్మతు. ఆ ముక్క వాళ్ళకు మళ్ళీ రాద్దామని కూర్చున్నాను. ఇప్పుడు నేనేం రాసినా నీకే చుట్టుకుంటుందని ఎలునెడ్ పెన్ను లాక్కుంది.

ఇద్వల్

*

ట్రెగారన్
2 మే

నాన్నా,

నీ ఉత్తరం చింపలేదు. కార్డిఫ్ వెళ్ళేటప్పుడు సంచిలో పెట్టుకున్నాను, ఎవరికీ చూపించలేదు.

పోయిన నెల పదహారో తారీకున వెళ్ళాను. అప్పీలు చూసే అధికారి పెద్దాయన, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ వింటాడు. టుడుర్ పక్కనే ఉన్నాడు, ఆచితూచి మాట్లాడమని ముందే చెప్పాడు. నేను కూర్చోగానే చెప్పేశాను. “మా నాన్న ఏడాదిగా రాలేదన్నది అబద్ధమండీ. రోజూ వచ్చేవాడు. భయపడి అలా చెప్పాను.”

టుడుర్ తల వంచుకున్నాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, “వచ్చి ఏం చేసేవాడు?” అని అడిగాడు. టీ పెట్టేవాడు, సలహాలు ఇచ్చేవాడు, ఆదివారాలు మరమ్మతులు చేసేవాడు అన్నాను. నవ్వాడో లేదో తెలియలేదు. నాలుగేళ్ళ కాగితాలు, ఆ రెండు నెలలు తప్ప ఏ నెలకానెల కట్టిన రసీదులు, బ్యాంకు లెక్కలు, చెక్కుల మీద సంతకాలు అన్నీ చూశాడు. చెక్కుల మీద నీ సంతకం ఒక్కటీ లేదు. మూడు గంటలు పట్టింది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను.

నిన్న ఉత్తరం వచ్చింది. పోస్టు బండి మలుపు తిరుగుతుంటే, నువ్వు రాసింది గుర్తొచ్చి, గుమ్మంలోనే నిలబడి తీసుకున్నాను. నిలబడే తెరిచాను. నోటీసు వెనక్కి తీసుకున్నారు. పూచీ అక్కర్లేదు. రెండేళ్ళు మాత్రం గమనిస్తూ ఉంటారు. ఒక్క నెల తప్పినా మళ్ళీ మొదటికి.

ఇక్కడ ఆపి నీకు కబురు మాత్రం చెబుదామనుకున్నాను. కానీ దాచడం మనింట్లో ఇక వద్దు.

వాళ్ళు వెనక్కి తీసుకున్నది నేను రాసిచ్చిన కాగితం మీద. ‘మా నాన్న ఇద్వల్ పార్రీకి ఈ సంస్థతో ఏ సంబంధమూ లేదు, ఇకపై ఉండదు. సంస్థ ఆవరణలోకి రాడు.’ ఆ మాటలు టుడుర్‌వి, సంతకం నాది. నిన్ను అడగలేదు. అడిగితే పెట్టమనేవాడివి, నీచేత ఆ మాట చెప్పించలేక అడగలేదు. సంస్థ చిరునామా మన ఇల్లే. గుమ్మం షెడ్డులోకే తెరుచుకుంటుంది. కాబట్టి ఇంటికి కూడా నువ్వు రాకూడదు, ఈ రెండేళ్ళు.

గెలిచామని డ్రైవర్లు కేకు తెచ్చారు. నేను తిన్నాను. ఇప్పటికీ గేటు దగ్గర కొత్త కారు ఆగితే ఎవరోనని కిటికీలోంచి చూస్తాను.

నీ హెలెడ్

*

నెవిన్
9 మే

తల్లీ,

మంచి పని చేశావు. రెండేళ్ళంటే ఎంతలే.

ఎలునెడ్ నాకు తోటలో మూల పడున్న గది ఇస్తానంది. కిటికీ సరిగ్గా మూసుకోదు, బాగు చేసుకుంటున్నాను. చాపెల్‌లో ఎన్నాళ్ళుంటారని అడిగితే ఇప్పుడు జవాబు ఉంది.

ఒక్క సంగతి కనుక్కుని చెప్పు. గురువారం మన సంత బస్సు ఉంది కదా, అబెరిస్ట్‌విత్ నుంచి ట్రెగారన్ పోయేది. అది రోడ్డు మీద నడిచేది, ఆవరణ కాదు. టికెట్టు కొనుక్కుని ఎక్కితే సంబంధం కిందికి వస్తుందా? వెనక సీట్లో కూర్చుంటాను. డ్రైవరుతో మాట్లాడను. నీ అంతట నువ్వు సరే అనకు. వాళ్ళను అడుగు, కాగితం మీద రాయించుకో.

నాన్న

*

ట్రెగారన్
27 మే

నాన్నా,

అడిగాను. ఇలాంటిది అడగడానికి ఫోను చేస్తే క్రోథర్ విసుక్కుంటుందేమోనని రెండు రోజులు వెనకాడాను. అంతా చెప్పాను. ఆవిడ, “టికెట్టు కొన్నవాళ్ళు ప్రయాణికులండీ. దానికి నేను కాగితం ఇవ్వనక్కర్లేదు” అంది. నీ కోసం ఇవ్వమని అడిగాను. ఇచ్చింది. రెండు లైన్లు. ఇందులో పెడుతున్నాను.

గార్మన్‌కి మోకాలు ఆపరేషన్. జూన్ అంతా గురువారాలు ఆ బస్సు నేనే నడుపుతాను. అబెరిస్ట్‌విత్‌లో ఒంటి గంట నలభైకి. పెద్దవాళ్ళ పాసు తెచ్చుకో, ఉచితం.

హెలెడ్

*

నెవిన్
13 జూన్

తల్లీ హెలెడ్,

నిన్న పొద్దున ఆరింటికి బయల్దేరి మూడు బస్సులు మారి వచ్చాను. ఆవిడ ఇచ్చిన కాగితం చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను. పాసు తెచ్చాను గానీ తియ్యలేదు. అది మెషీన్లో పెడితే నా నంబరు ఎక్కడో పడుతుంది కదా, ఎందుకొచ్చిన గొడవ. అందుకే చిల్లర ఇచ్చాను. ట్రెగారన్ దాకా రాకుండా దారిలోనే దిగుదామని ‘లానిలార్ ఒకటి’ అన్నప్పుడు నువ్వు నా మొహం చూసి, చూడనట్టు టికెట్టు చింపి ఇచ్చావు.

నువ్వు చిక్కిపోయావు. జుట్టు కత్తిరించుకున్నావు. బాగుంది.

చివరి సీటుకు ముందు సీట్లో కూర్చున్నాను. పట్నం దాటేదాకా తల ఎత్తలేదు. నల్ల సంచి పట్టుకుని ఒకాయన ముందు కూర్చుంటే కార్డిఫ్ మనిషేమోననుకున్నాను. ఆయన సంచిలోంచి కోడిపిల్లల దాణా తీసి చూసుకున్నాడు.

తర్వాతి స్టాపులో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. అరవై ఏళ్ళుంటాయి, ఊరికే కూర్చోలేని మనిషి. సంతలో వెన్న ధర చెప్పింది, కోడలి సంగతి చెప్పింది. మలుపు దగ్గర ఎదురుగా ట్రాక్టరు వస్తే నువ్వు మెత్తగా ఆపి, వెనక్కి తీసి, దారిచ్చావు. బస్సులో ఒక్కరూ ఊగలేదు. అంత సన్నని దారిలో నేను కూడా అలా తీసేవాణ్ణి కాదు.

ఆవిడ నా మోచేతిని తట్టి, “చూశారా, ఎంత బాగా నడుపుతోందో. ఆ పిల్ల మీకు తెలుసా?” అంది.

నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. కాగితం ఉంది. అయినా బస్సంతా ఒకసారి చూశాను.

తెలియదన్నాను.

నాన్న